రేకు చూశాకే లైటు కొను

చి॥ వేణుకి,

ఆశీస్సులు. నీ పాత క్యారవాన్, అదే కారు వెనక కట్టి లాగే ఇంటిబండి, చట్రం పని పూర్తయిందనీ, రంగు వేయించి ఆ తర్వాత బయటి లైట్లు వెతుకుతాననీ రాశావు. ఆ వరస తిరగేయి నాన్నా. లైట్లకి తొందర లేదు గానీ, రంగు మాత్రం ఆపు. ఆ బండికి మొదట ఏ లైటు ఉండేదో చెప్పే సాక్ష్యమంతా పాత రేకు మీదే ఉంది. ఒకసారి నున్నగా గీకి లప్పం పెట్టారంటే ఇక అది దొరకదు.

వెనక లైట్లు ఉన్న చోట రేకుని పక్కనుంచి టార్చి వేసి చూడు. ఎండ తగలని చోట పాత రంగు వెలిసిపోకుండా లైటు అడుగు ఆకారంలోనే మిగిలి ఉంటుంది. దాని చుట్టూ ఎండి గట్టిపడిన సీలెంటు గీత కనిపిస్తుంది. స్క్రూ రంధ్రాలు రెండు మూడు జతలు ఉండొచ్చు. లప్పంతో పూడ్చి పైన రంగు వేసినవి పాతవి, రంగు పెచ్చు లేచేలా తొలిచినవి తర్వాత వచ్చినవి. లోపలి చెక్క తీసి ఉంటే అటునుంచీ చూడు, పూడ్చిన రంధ్రం అక్కడ బొడిపెలా తెలుస్తుంది. కాగితం ఆనించి పెన్సిలుతో రుద్ది ఆ అచ్చు తీసుకో. రంధ్రం మధ్య నుంచి రంధ్రం మధ్యకి ఎంత దూరమో, వైరు వచ్చే రంధ్రం ఎటు పక్కన ఉందో మిల్లీమీటర్లలో రాసుకో. దొరికితే ఆ మోడల్ కంపెనీ బ్రోచరు కూడా పక్కన పెట్టుకో. కాకపోతే బ్రోచర్లలో బొమ్మలు ఒక్కోసారి చేత్తో గీసినవి, లైట్లు ఉన్నదానికంటే అందంగా ఉంటాయి. బొమ్మకీ రేకుకీ పడకపోతే రేకునే నమ్ము.

ఇక వెతకడం. చాలామంది బండి పేరు పెట్టి లైటు వెతికి విసిగిపోతారు. క్యారవాన్ కంపెనీలు లైట్లు సొంతంగా చేసుకునేవి కావు, లారీలకీ ట్రాక్టర్లకీ ట్రెయిలర్లకీ లైట్లు చేసేవాళ్ల దగ్గర కొనేవి. బ్రిటిష్ బండ్ల మీద లూకాస్, రబ్బొలైట్ పేర్లు, అమెరికా బండ్ల మీద బార్గ్‌మన్ పేరు ఎక్కువగా కనిపిస్తాయి. కాబట్టి లైటు ముందుండే రంగు అద్దం మీదా, లైటు వెనకా అచ్చుపోసిన నంబరుతో వెతుకు. లూకాస్ ఎల్488 లాంటి గుండ్రటి లైటు కార్ల సామాన్లలోనే దొరుకుతుంది, దాన్ని కొత్తగా కూడా చేస్తున్నారు. ఇంగ్లండులో బ్యూలీ దగ్గరా, అమెరికాలో పెన్సిల్వేనియాలోని హెర్షీలోనూ జరిగే పాత సామాన్ల సంతల్లో ట్రాక్టర్ల వాళ్ల బల్లలు వదలకు. క్యారవాన్ అనే మాట వినబడగానే ధర పెంచే అలవాటు వాళ్లకింకా రాలేదు.

అద్దం మీది అక్షరాలు చదవడం నేర్చుకో. గుండ్రటి గీతలో ఇంగ్లిష్ ‘E’ అక్షరం, పక్కన అంకె ఉంటే అది 1958 ఒప్పందం తర్వాత వచ్చిన ఐరోపా ఆమోద ముద్ర. 1955 బండి మీద అలాంటి అద్దం ఉందంటే ఎవరో మార్చారన్నమాట. అమెరికా అద్దాల మీద అక్కడి వాహన ఇంజినీర్ల సంఘం ముద్ర ఎస్‌ఏఈ తర్వాత వచ్చే అక్షరాలు అది ఏ పనికో చెబుతాయి: ‘T’ రాత్రి వెనక వెలిగే టెయిల్‌కి, ‘S’ బ్రేకుకి, ‘I’ ఇండికేటరుకి, ‘A’ వెలుతురు తిప్పికొట్టే రిఫ్లెక్టరుకి. డాట్ (అమెరికా రవాణా శాఖ ముద్ర) అని కూడా ఉంటే 1968లో మొదలైన నిబంధనల తర్వాతిదని అనుకో.

కొనేముందు లైటు వెనక ఫొటో అడుగు. ముందు తళతళా మెరిసి వెనక తెల్ల పొడి రాలుతుంటే అది పోతపోసిన జింకు, లోపల తినేసి ఉంటుంది. స్క్రూ పట్టే బుడిపెలో పగులు ఉంటే వదిలెయ్, బిగించగానే విరుగుతుంది. క్రోమ్ బుడగలు లేచిన జింకుకి మళ్లీ పూత వేయించాలంటే ప్రతి గుంటనీ తవ్వి నింపాలి. దానికయ్యే ఖర్చుతో మంచి లైటు ఇంకోటి వస్తుంది. ఇత్తడి రిమ్మయితే ధైర్యంగా కొను. అద్దాలు ఒకే అచ్చువి మూడు తీసుకో. వేర్వేరు చోట్ల కొన్న రెండు ఎర్ర అద్దాలు పగలు ఒకేలా ఉండి, రాత్రి ఒకటి నారింజ రంగులో వెలగడం మామూలే.

గాజు అద్దాన్ని ఎలాగైనా కడుక్కో. ప్లాస్టిక్ అద్దం జోలికి పెట్రోలూ థిన్నరూ స్పిరిటూ తీసుకెళ్లకు, సన్నటి పగుళ్లు వల అల్లినట్టు పాకుతాయి. గోరువెచ్చటి సబ్బు నీళ్లు చాలు. మసక పోకపోతే 1000, 1500, 2000 నంబరు వాటర్ పేపర్లతో వరసగా తడిపి రుద్ది, ప్లాస్టిక్ పాలిషు పెట్టు. లోతుగా చీరిన పగుళ్లు పాలిషుతో పోవు.

బల్బు హోల్డరు దగ్గర ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. టెయిలూ బ్రేకూ ఒకే బల్బులో ఉంటే అది రెండు తీగల 21/5 వాట్ల బల్బు. దాని రెండు మేకులూ ఒకే ఎత్తులో ఉండవు, ఒక్క తీరునే కూర్చుంటుంది. పాత హోల్డరు అరిగిపోతే తిరగేసి కూడా దూరుతుంది. అప్పుడు టెయిలు వెలగాల్సినప్పుడు 21 వాట్ల తీగ గంటల తరబడి వెలిగి చిన్న ప్లాస్టిక్ అద్దాన్ని వంకర తిప్పేస్తుంది. బల్బు మీద వోల్టు కూడా చూడు: 1950ల నాటి లైట్లలో 6 వోల్టుల బల్బు ఉంటే, 12 వోల్టులు తగలగానే మాడిపోతుంది. హోల్డరు మార్చనక్కర్లేదు, బల్బు మారిస్తే సరి.

ఎల్‌ఈడీ బల్బు పెడతానంటే వద్దనను గానీ, ఎర్ర అద్దం వెనక ఎర్రదే పెట్టు. తెల్ల ఎల్‌ఈడీలో ఎరుపు పాలు తక్కువ, అద్దం దాటాక వెలుతురు పాలిపోతుంది. ఇండికేటర్లకి ఎల్‌ఈడీ పెడితే కరెంటు తక్కువ లాగడం వల్ల, బల్బు పోయిందనుకుని కారు ఇండికేటరు టకటకా వేగంగా కొడుతుంది. దానికి 6 ఓమ్, 50 వాట్ల రెసిస్టరు కలుపుతారు. అది బాగా కాలుతుంది కాబట్టి ఇనుము మీద బిగించు, చెక్కకీ వైర్లకీ ఆనించకు. మీ దగ్గర పాత లైట్లలో ఎల్‌ఈడీ బల్బు పెట్టనిస్తారో లేదో ముందే కనుక్కో.

పాతరోజుల్లో లైటుకి ఎర్త్, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి, రేకు ద్వారానే వచ్చేది. అల్యూమినియం రేకూ స్టీలు స్క్రూ కలిసిన చోట తడి తగిలితే చిలుము పట్టి ఎర్త్ పోతుంది. బ్రేకు తొక్కితే టెయిలు మసకబారినా, ఒక ఇండికేటరు వేస్తే రెండో పక్క కూడా మినుకుమన్నా అది ఎర్త్ జబ్బే, బల్బులు మార్చి లాభం లేదు. ప్రతి లైటుకీ విడిగా ఎర్త్ వైరు లాగి, కారుకి తగిలించే ప్లగ్గు దాకా తీసుకెళ్లు. ఐరోపా పద్ధతి 7 పిన్నుల ప్లగ్గులో తెలుపు ఎర్త్, పసుపు ఎడమ ఇండికేటరు, ఆకుపచ్చ కుడి ఇండికేటరు, ఎరుపు బ్రేకు, నలుపు ఎడమ టెయిలు, గోధుమ కుడి టెయిలు, నీలం వెనక ఫాగ్ లైటు. అమెరికా లైట్లలో చాలావాటికి బ్రేకూ ఇండికేటరూ ఒకే తీగ మీద నడుస్తాయి. ఇండికేటరు విడిగా ఉన్న కారుతో లాగాలంటే మధ్యలో కన్వర్టరు పెట్టాలి.

బిగించేటప్పుడు పాత రబ్బరు వాడకు. 3 మిల్లీమీటర్ల నియోప్రీన్ రబ్బరు షీటు మీద లైటు అడుగు పెట్టి గీసి, బ్లేడుతో కోసుకో. రేకుకి ఆనే చోట నీళ్లు దూరనివ్వని బ్యూటైల్ జిగురు టేపు పెట్టు. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం వద్దు, అది అల్యూమినియంని తింటుంది. లైటు అడుగున చిన్న రంధ్రం ఉంటే మూసెయ్యకు, లోపల పట్టిన చెమ్మ పోయే దారి అదే.

బండి కాలానికి తగ్గ పాత లైటు ఒక్కటే పెట్టుకుని రోడ్డెక్కితే కొన్నిచోట్ల చాలదు. బ్రిటన్‌లోనూ ఐరోపాలోనూ ట్రెయిలరు వెనక ఎర్ర త్రికోణపు రిఫ్లెక్టర్లు అడుగుతారు. అమెరికాలో 80 అంగుళాలు గానీ అంతకు మించి గానీ వెడల్పుంటే పైన బండి వెడల్పు తెలిపే క్లియరెన్సు లైట్లు, వెనక మధ్యలో మూడు ఎర్ర లైట్లు అడుగుతారు. వీటి కోసం రేకుకి రంధ్రాలు చేయకు. లైట్లూ రిఫ్లెక్టర్లూ ఉన్న ఊడదీసే బోర్డు ఒకటి చేయించి, లాగేటప్పుడు తగిలించి, చేరాక తీసేయి. చూసేవాళ్లు పాత లైట్లనే చూస్తారు, వెనక వచ్చే లారీవాడు బోర్డు చూస్తాడు.

తలుపు పక్క లైటు రోడ్డు నిబంధనల్లోకి రాదు, అక్కడ నీ ఇష్టం. అంబర్ (తేనె రంగు) అద్దం దొరికితే తీసుకో, పురుగులు తక్కువ చేరతాయి.

ఇట్లు,
మీ పెదనాన్న