గుర్రప్పందేలు మొదటి నుంచీ ధనికుల వినోదమేనా?

కాదు, గుర్రాలను పెంచి పరుగెత్తించింది ధనికులే అయినా, ఇంగ్లాండులో ఆ పందేలను చూసిన జనంలో అధికభాగం సామాన్యులే. పందేలు చాలావరకు ఊరుమ్మడి మైదానాల్లో జరిగేవి కనుక ప్రవేశ రుసుము ఉండేది కాదు. స్టాండులో కూర్చునేవారే డబ్బు చెల్లించేవారు. 1780లో మొదలైన ఎప్సమ్ డెర్బీ ఇందుకు మంచి ఉదాహరణ: విశాఖ ఆర్కే బీచ్‌లో నౌకాదళ విన్యాసాలను ఆహ్వానితులు కుర్చీల్లో కూర్చుని, మిగిలిన జనం ఇసుకలో నిలబడి చూసినట్టే, అక్కడ ప్రభువులు స్టాండులోనూ కూలీలు, చిరువ్యాపారులు కొండవాలుపైనా ఉండి ఒకే పరుగును చూసేవారు. ఆ పందెం కోసం బ్రిటిష్ పార్లమెంటు సైతం సభను వాయిదా వేసుకున్న సంవత్సరాలున్నాయి. టికెట్టు గేటు ఆది నుంచీ ఉందనుకోవడమే చాలామంది పొరపాటు. చుట్టూ కంచె కట్టి, వచ్చినవారందరి వద్దా రుసుము వసూలు చేసిన తొలి మైదానం 1875లో ప్రారంభమైన శాండౌన్ పార్క్.