మేనకోడలికి: ముందు గోడపటాన్ని నేల మీదకు దించు

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

మూడో తరగతి పిల్లలకు దిక్కులు, పటాలు చెబుతున్నా తలకెక్కడం లేదని రాశావు. పాఠం పుస్తకంలో ఉంది, పిల్లలు ఊళ్లో ఉన్నారు. ఆ రెంటినీ కలపడమే నీ పని. తిరుపతిలో బడి దొరకడం నీ అదృష్టం. ఉత్తరాన శేషాచలం కొండలు అడ్డంగా నిలబడి, దిక్కు ఎటో రోజూ చూపిస్తుంటాయి.

అన్నిటికంటే ముందు, గోడకు వేలాడే పటాన్ని దించి నేల మీద పరుచు. మిగతావి నీ వీలును బట్టి చేసుకో, ఇది మాత్రం తప్పకుండా చెయ్యి. గోడ మీద చూసినంతకాలం పిల్లలకు ఉత్తరమంటే పైన, దక్షిణమంటే కింద. మన ఊళ్లో ఈ పొరపాటు మరీ లోతుగా పాతుకుంటుంది. ఇక్కడ ఉత్తరాన ఉన్నది కొండే, పైకి వెళ్లడమంటే తిరుమలకు వెళ్లడమే. ఎత్తు వేరు, దిక్కు వేరు అని నోటితో ఎంత చెప్పినా ఈ చిక్కు విడదు. పటాన్ని నేల మీద పరిచి, దాని ఉత్తరపు అంచు కొండవైపు ఉండేలా తిప్పి, పిల్లలను చుట్టూ కూర్చోబెట్టు. పటంలో రేణిగుంట ఎటుందో వేలితో చూపమను, అదే వైపు చెయ్యి చాచమను. చంద్రగిరి అన్నప్పుడు చెయ్యి పడమరకు తిరగాలి. కాగితం మీది దిక్కూ బయటి దిక్కూ ఒకటేనని ఒళ్లంతటితో తెలుసుకున్న పిల్లలు తర్వాత ఏ పటానికీ భయపడరు.

గీయడం తరగతి గదితోనే మొదలుపెట్టించు. ఇల్లు గీయమంటే పిల్లలు తలుపు, కిటికీ, పైకప్పుతో ఎదుటినుంచి చూసినట్టు గీస్తారు. దాన్ని కొట్టేయకు. బల్ల మీద గ్లాసు పెట్టి, నిలబడి నేరుగా పైనుంచి చూడమను. గుండ్రమే కనిపిస్తుంది. డస్టరు పెట్టి దాని చుట్టూ సుద్దముక్కతో గీయించు. ఈ పైచూపు పట్టుబడడానికి కొందరికి వారాలు పడుతుంది, తొందరపెట్టకు. తర్వాత వరండా, వంటగది, నీళ్ల ట్యాంకు, ప్రహరీ. దూరాలు అడుగులతో కొలిచి, లెక్కల పుస్తకంలోని గళ్లలో గడికి ఒక అడుగు చొప్పున వేయమను. పొడవైన పిల్లవాడికి తక్కువ, పొట్టివాడికి ఎక్కువ అడుగులు వచ్చి తగువు పడతారు. పడనివ్వు. అప్పుడే మీటరుకు ఒక ముడి వేసిన తాడు తీసి చేతికివ్వు. అందరికీ ఒకే కొలత ఎందుకు కావాలో విడిగా చెప్పాల్సిన అవసరం ఉండదు.

నీడతో దిక్కులు కనుక్కునే పాఠంలో మాత్రం జాగ్రత్త. మిట్టమధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందని బోర్డు మీద రాసేయకు. తిరుపతి భూమధ్యరేఖకు ఉత్తరాన 13 డిగ్రీలు దాటి ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య వరకు సూర్యుడు మధ్యాహ్నవేళ మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ఏ కాలంలోనైనా పనికొచ్చే పద్ధతి ఉంది. ఆటస్థలంలో నిటారుగా ఒక కర్ర పాతి, ఉదయం నీడ కొన దగ్గర గుర్తు పెట్టించు. అంత పొడవు తాడుతో కర్ర చుట్టూ వలయం గీయించు. సాయంత్రం వైపు నీడ కొన మళ్లీ ఆ వలయాన్ని తాకినచోట రెండో గుర్తు. రెండు గుర్తులనూ కలిపితే పడమర తూర్పుల గీత వస్తుంది, ఉదయం పెట్టిన గుర్తు పడమర.

వాన వెలిశాక బడిముందు నీళ్లు ఎటు పారుతున్నాయో చూపించు. కొండ ఉత్తరాన, స్వర్ణముఖి దక్షిణాన. ఊరి వాలు మొత్తం ఈ రెంటి మధ్యే ఉంది. పెద్ద వాన పడితే కపిలతీర్థం దగ్గర జలపాతం ఎందుకు ఉరుకుతుందో, 2021 నవంబరులో వీధులు ఎందుకు మునిగాయో పిల్లలే ఆలోచించి చెబుతారు. నది అక్కడినుంచి శ్రీకాళహస్తి మీదుగా వెళ్లి బంగాళాఖాతంలో కలుస్తుందని అప్పుడు చెప్పు. నదిని చూసిరమ్మంటే కొందరు ఇసుక గీసుకొస్తారు. దాన్ని నీలం రంగుతో దిద్దకు. ఎండిన వాగులకు పటాల్లో వేరే గుర్తులు ఉంటాయని చెప్పి, తమ గుర్తు తామే ఎంచుకొని సూచికలో రాయమను. వాన పడుతుండగా మాత్రం వాళ్లను వాగుల వైపు తీసుకెళ్లకు.

మన ఊరి పిల్లలకు ఇంకో వరం ఉంది, దారి అడిగే యాత్రికులు. స్టేషన్లో దిగినవాళ్లు గోవిందరాజస్వామి ఆలయానికి ఎలా వెళ్లాలో ముందు నోటితో చెప్పించు, తర్వాత గీయించు. ఒకరు గీసిన దాన్ని ఇంకొకరు చేతపట్టుకుని నడవాలి. ఎక్కడ తికమకపడ్డారో అక్కడ ఏ గుర్తు లోపించిందో గీసినవాళ్లకే తెలుస్తుంది. ఊళ్లోకి వెళ్లే రోజున ఉదయమే బయల్దేరండి. ఇద్దరు పెద్దవాళ్లను వెంటబెట్టుకో.

మీ బడి బీరువాలో పాత చిత్తూరు జిల్లా పటం ఉంటే పారేయకు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. పాత చిత్తూరు జిల్లాకు సముద్రతీరం లేదు, కొత్త జిల్లాకు శ్రీహరికోట వైపు తీరం వచ్చింది. రెండూ పక్కపక్కన పరిచి ఏది మారింది, ఏది మారలేదు అని అడుగు. గీతలు మారాయనీ, కొండలూ నదీ ఉన్నచోటే ఉన్నాయనీ వాళ్లే కనిపెట్టాలి.

ఫోనులోని పటం చివర్లో చూపించు, తమ వీధిని తాము గీశాకే. ముందే చూపిస్తే చూసి దించేస్తారు. మనం తిరిగినప్పుడల్లా అది కూడా తిరిగిపోకుండా, ఉత్తరం పైనే ఉండేలా అమర్చుకో.

ఆగస్టు మూడో వారంలో, పంద్రాగస్టు దాటిన ఒకటి రెండు రోజులకు, మబ్బు లేకపోతే మధ్యాహ్నం పన్నెండుంబావు వేళ కర్ర నీడ దాదాపు మాయమవుతుంది. పన్నెండు గంటలకే పిల్లలను ఆటస్థలంలో నిలబెట్టు. వాళ్లు గీసిన వీధి పటాలు కొన్ని నాకు పంపించు, దిద్దకుండా.

ఇట్లు,
నీ అత్తయ్య