టీకాలో యాంటీజెన్ ఒక్కటే ఎందుకు చాలదు?

శుద్ధి చేసిన ప్రొటీన్‌ను యాంటీజెన్‌గా, అంటే రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టాల్సిన లక్ష్యంగా పెట్టి టీకా తయారుచేసేటప్పుడు అందులో అడ్జువెంట్ (రోగనిరోధక స్పందనను పెంచే పదార్థం) ఎందుకు కలుపుతారని, సూక్ష్మజీవుల ఆనవాళ్లను పసిగట్టే టోల్ తరహా గ్రాహకాలకు (టీఎల్ఆర్) దానితో సంబంధం ఏమిటని మీరు అడిగారు. ఆ సంబంధం నాకు పుస్తకాల్లో చదివినప్పటికంటే నేను చేసిన ఒక పొరపాటు వల్ల బాగా అర్థమైంది.

పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఇ. కోలై బాక్టీరియాలో ఒక ప్రొటీన్‌ను తయారుచేసి, శుద్ధి చేసి, ఎలుక ఎముక మజ్జ నుంచి పెంచిన డెండ్రైటిక్ కణాలకు (యాంటీజెన్‌ను ఇతర రోగనిరోధక కణాలకు చూపించే కణాలు) కలిపాను. మర్నాడు, ఒక ప్రొటీన్ ఎంత ఉందో రంగుతో తెలిపే ఎలైజా పరీక్ష ప్లేటులో చివరగా ఆమ్లం వేయగానే, అప్పటిదాకా నీలంగా ఉన్న గుంటలు చిక్కటి పసుపు రంగుకు మారాయి. అంటే కణాలు వాపును కలిగించే సంకేత ప్రొటీన్ టీఎన్ఎఫ్‌ను ధారాళంగా విడుదల చేశాయన్నమాట. నా యాంటీజెనే కణాలను మేల్కొల్పిందని ఎంతో సంబరపడ్డాను. మా గైడు మాత్రం ఆ ప్రొటీన్‌ను మరిగించి మళ్లీ వేసి చూడమన్నారు. మరిగించినా రంగు తగ్గలేదు. ప్రొటీన్ ఆకృతి వేడికి చెడిపోతుంది గానీ, ఇ. కోలై వంటి బాక్టీరియా బాహ్య పొరలో ఉండే ఎల్‌పీఎస్ (లైపోపాలీశాకరైడ్, దీన్నే ఎండోటాక్సిన్ అంటారు) ఆ వేడికి చెక్కుచెదరదు. ఎల్‌పీఎస్‌ను బంధించే పాలీమిక్సిన్ బి కలిపినప్పుడు రంగు దాదాపు కనిపించలేదు, టోల్ తరహా గ్రాహకాల్లో ఒకటైన టీఎల్ఆర్4 లేని ఎలుకల కణాలైతే అసలు స్పందించనే లేదు. ఆ మలినాన్ని తొలగించాక అదే ప్రొటీన్‌ను ఎలుకలకు ఇస్తే ప్రతిరక్షకాలు అంతంతమాత్రంగానే వచ్చాయి.

మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. రోగనిరోధక స్పందనను నడిపించే టీ కణానికి యాంటీజెన్‌ను చూపించడం ఒక్కటే చాలదు, ప్రమాదం ఉందని తెలిపే రెండో సంకేతాన్ని కూడా డెండ్రైటిక్ కణం అందించాలి. సూక్ష్మజీవుల ఆనవాళ్లను సహజ గ్రాహకాలు గుర్తించినప్పుడే ఆ సంకేతం పుడుతుందని చార్లెస్ జేన్వే 1989లోనే ప్రతిపాదించారు. ఎల్‌పీఎస్‌ను పసిగట్టేది టీఎల్ఆర్4 అని బ్రూస్ బాయిట్లర్ బృందం 1998లో తేల్చింది. శుద్ధమైన ప్రొటీన్‌లో కొరవడే ఆ సంకేతాన్ని పుట్టించడానికే అడ్జువెంట్ కలుపుతారు.

అయితే ఎల్‌పీఎస్‌ను ఉన్నది ఉన్నట్టు మనుషులకు ఇవ్వలేము, అది తీవ్రమైన జ్వరాన్ని, షాక్‌ను కలిగిస్తుంది. సాల్మొనెల్లా ఎల్‌పీఎస్ నుంచి ఒక ఫాస్ఫేట్‌ను, మరికొన్ని భాగాలను తొలగించి తయారుచేసిన ఎంపీఎల్‌లో విషగుణం చాలావరకు పోయి, టీఎల్ఆర్4ను ప్రేరేపించే శక్తి మిగులుతుంది. దీన్ని నేను ఈ రంగంలోని అత్యంత తెలివైన పనుల్లో ఒకటిగా భావిస్తాను. సర్పి టీకా షింగ్రిక్స్‌లో ప్రతి మోతాదుకు 50 మైక్రోగ్రాముల ఎంపీఎల్, దానితో పాటు క్యూఎస్-21 అనే మరో అడ్జువెంట్ ఉంటాయి. హెపటైటిస్ బి టీకా హెప్లిసావ్-బిలో మరో టోల్ తరహా గ్రాహకం టీఎల్ఆర్9ను ప్రేరేపించే సీపీజీ డీఎన్ఏ అనే చిన్న డీఎన్ఏ తునక ఉండడం వల్ల, సాధారణంగా ఆరు నెలల్లో ఇచ్చే మూడు మోతాదులకు బదులు నెల వ్యవధిలో రెండు మోతాదులే సరిపోతున్నాయి.

గ్రాహకాలను ఎంత గట్టిగా తడితే అంత మంచిదని మాత్రం అనుకోకండి. టీకాల్లో వాడే ఎంఆర్ఎన్ఏ విషయంలో శాస్త్రవేత్తలు కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ దీనికి భిన్నమైన దారి పట్టారు: ఆర్ఎన్ఏ నిర్మాణ భాగాల్లో (న్యూక్లియోసైడ్లలో) ఒకటైన యూరిడిన్ స్థానంలో మార్పు చేసిన న్యూక్లియోసైడ్‌ను పెడితే టీఎల్ఆర్7, 8 అంతగా రెచ్చిపోవని 2005లో చూపారు. టీఎల్ఆర్7ను ప్రేరేపించే చిన్న అణువులు రక్తంలో కలిసి ఒళ్లంతా వ్యాపిస్తే ఫ్లూ వంటి లక్షణాలు వస్తాయి కాబట్టి, వాటిని ఆలమ్‌కు (టీకాల్లో వాడే అల్యూమినియం లవణం) అంటించి సూది వేసిన చోట, దగ్గరి లింఫ్ గ్రంథుల్లో నిలిచేలా చేస్తున్నారు.

మీరు కూడా బాక్టీరియాలో తయారైన ప్రొటీన్‌తో పనిచేస్తున్నట్లయితే, కణాలకు కలిపే ముందే ఎండోటాక్సిన్‌ను పట్టిచ్చే ఎల్ఏఎల్ పరీక్షతో అది ఎంత ఉందో కొలిచి, మరిగించిన నమూనాను కూడా అదే ప్లేటులో పక్కనే పెట్టండి.