ఒరే చిన్నా, ఫార్మాట్ కొట్టించే ముందు ఆ మూత తీసి చూడు

ఒరే చిన్నా,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కంప్యూటర్ పొద్దున్న బాగానే నడుస్తోందట, మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఫ్యాన్ హోరుమని మోగి దానంతటదే ఆగిపోతోందట, షాపులో అడిగితే ముందు ఫార్మాట్ కొడదాం, అంటే అంతా చెరిపేసి విండోస్ కొత్తగా ఎక్కిద్దాం, తగ్గకపోతే మదర్‌బోర్డు, అదే లోపలి పెద్ద బోర్డు, మార్చాలి అన్నారట. ఆ రెండూ ఇప్పుడే చేయించకు. విండోస్ పాడైతే పొద్దున్నా పాడే, మధ్యాహ్నమూ పాడే. ఎండ ఎక్కేకొద్దీ ముదిరేది వేడి జబ్బే, దాని వెనక చాలాసార్లు దుమ్ము ఉంటుంది. ఇన్నేళ్ళు రిపేర్ బల్ల ముందు కూర్చున్నవాణ్ణి, వేసవి వచ్చిందంటే నా దగ్గరికి వచ్చే వాటిలో ఎక్కువ ఇలాంటివే.

ముందు సంగతి అర్థం చేసుకో. ప్రాసెసర్, అంటే కంప్యూటర్‌కి మెదడు లాంటి చిప్పు, పనిచేసినంతసేపూ వేడి పుడుతూనే ఉంటుంది. దాని మీద బిగించిన అల్యూమినియం హీట్‌సింక్ ఆ వేడిని లాక్కుంటే, పైనున్న ఫ్యాన్ ఆ హీట్‌సింక్ రేకుల సందుల్లోంచి గాలి తోలి దాన్ని బయటికి పంపేస్తుంది. ఫ్యాన్ ఎంత జోరుగా తిరిగినా గదిలో ఉన్న గాలికన్నా చల్లగా దేన్నీ చెయ్యలేదు. గది 30 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసర్ 65 దగ్గర నడుస్తుంటే, గది 40కి ఎక్కిన రోజున అదే పనికి ఇంచుమించు 75కి పోతుంది. ఆపైన రేకుల సందులు కూడా పూడిపోయాయనుకో, గాలికి దారే ఉండదు. కోత మిషన్ రేడియేటర్‌లో గడ్డిపొట్టు ఇరుక్కుంటే ఇంజిన్ ఎలా మరిగిపోతుందో చూశావుగా, అచ్చం అదే. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపులకు రాగానే తమ వేగం తామే తగ్గించుకుంటాయి, అందుకే ముందు స్లో అవుతుంది. అప్పటికీ వేడి దిగకపోతే కాలిపోకుండా ఆగిపోతాయి. అంచేత అది ఆగిందంటే కంగారు పడకు, తనని తాను కాపాడుకుంటోంది. కానీ ఆగిన వెంటనే మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడటం మాత్రం మానెయ్.

మూత తీసేముందు ఒక పని చెయ్. హెచ్‌డబ్ల్యూ మానిటర్ అనే చిన్న ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది, వేసుకుని పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ప్రాసెసర్ ఎంత వేడి చూపిస్తుందో, హార్డ్ డిస్క్ ఎంత చూపిస్తుందో కాగితం మీద రాసుకో. ఏ పనీ చెయ్యకుండా ఊరికే ఉన్నప్పుడే 70 దాటుతుంటే లోపల గాలి ఆడట్లేదని అర్థం. హార్డ్ డిస్క్ 50 లోపు ఉంటే నిశ్చింత, ఎప్పుడూ 55, 60 చూపిస్తుంటే ముందు నీ ఫైళ్ళు వేరేచోట కాపీ చేసి పెట్టుకో, మిగతావన్నీ తర్వాత.

ఇక దుమ్ము. మన కోనసీమ దుమ్ముతో చిక్కేంటంటే అది పొడిగా ఉండదు. చుట్టూ కాలవలు, చేలల్లో నీళ్ళు, చెరువులు, గాలిలో ఎప్పుడూ చెమ్మే. మెట్ట ప్రాంతంలో దుమ్ముని బ్లోయర్‌తో ఊదితే లేచిపోతుంది, మన దగ్గర అది రేకుల మీద అతుక్కుని చాపలా గట్టిపడుతుంది. పైగా మీరున్నది అంబాజీపేట పక్కన, వీధి చివర పీచు మిల్లు. ఆ కొబ్బరి పొట్టు తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్ళు పట్టి ఉంచుతుంది, కడియం నర్సరీల్లో కుండీల్లో వేసేది అందుకే. అదే పొట్టు సన్నగా ఎగిరి నీ కంప్యూటర్‌లోకి వెళ్ళి కూర్చుంటే ఏమవుతుంది? వానాకాలంలో చెమ్మ లాక్కుని పిన్నుల మీద తడిగా పడి ఉంటుంది, వేసవిలో ఎండి రేకుల సందులు మూసేస్తుంది. మండపేట వైపు వాళ్ళకి రైసు మిల్లుల ఊక బూడిద, గోదారి గట్టున వాళ్ళకి ఇటుక బట్టీల మసి. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పుగాలి కూడా కలిసి రాగి, ఇనుము తొందరగా తుప్పు పట్టిపోతాయి.

ఇంట్లో పుట్టేదీ తక్కువేం కాదు. దోమల చుట్ట పొగ, సాంబ్రాణి పొగ, వంటింట్లో వేపుళ్ళ నూనె ఆవిరి, ఇవన్నీ ఫ్యాన్ రెక్కల మీద జిగురులా పడతాయి, ఆ జిగురు మీద దుమ్ము దిగితే మామూలు బ్రష్షుకి రాదు. దోమల చుట్ట కంప్యూటర్ బల్ల కింద పెట్టే అలవాటు నీకుంది, నేను చూశాను. అది ఇవాళే మానెయ్, గది అవతలి మూలకి పెట్టుకో, లేదా దోమతెర కట్టుకో. ఇంకొకటి, మీ అమ్మ చీపురుతో ఊడ్చేటప్పుడు కంప్యూటర్ ఆపి ఉంచు. నేల మీదున్న క్యాబినెట్ ఆ లేచిన దుమ్మునంతా ముక్కుతో పీల్చినట్టు లాగేస్తుంది. ఆ గది వరకు ఊడ్చడం కన్నా తడిగుడ్డ పెడితే ఇంకా మంచిది.

సరే, శుభ్రం చెయ్యడం ఎలాగో చెప్తాను, తొందరపడకుండా చదువు. ఎండ మరీ ఎక్కకముందు పొద్దున్నే మొదలెట్టు. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ప్లగ్గు గోడలోంచి పూర్తిగా లాగెయ్, స్విచ్ ఆపితే సరిపోదు. తర్వాత పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకో, లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. వైర్లన్నీ తీసేముందు ఫోన్లో ఫోటో తీసుకో. క్యాబినెట్‌ని వసారాలోకి పట్టుకెళ్ళు, లోపల ఊదితే ఆ దుమ్మంతా మళ్ళీ అందులోకే పోతుంది. పక్క మూత స్క్రూలు ఒక గిన్నెలో వేసుకో. లోపల చెయ్యి పెట్టేముందు క్యాబినెట్ ఇనుప భాగం ఒకసారి ముట్టుకో, ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు (రాపిడికి పుట్టేది, చిప్పుల్ని పాడుచేస్తుంది) అందులోకి పోతుంది. పని మధ్యలో కూడా అప్పుడప్పుడు ముట్టుకుంటూ ఉండు.

ముందు మెత్తని పెయింటు బ్రష్షుతో, కొత్తది, పొడిది, పైపై దుమ్ము కదిపి వదులు చెయ్. ఆ తర్వాతే బ్లోయర్. బ్లోయర్ లేకపోతే మీ ఊళ్ళో కార్పెంటర్ దగ్గరైనా ఉంటుంది, ఒక పూట అడుగు. జానెడు దూరం నుంచి, ఉండి ఉండి ఊదు, ఒకేచోట పెట్టి ఉంచకు. ముఖ్యమైన సంగతి ఇదే. ఊదేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో గానీ ఐస్‌క్రీమ్ పుల్లతో గానీ కదలకుండా పట్టుకోవాలి. వదిలేస్తే గాలికి అది దాని హద్దు దాటి గిర్రున తిరుగుతుంది, బేరింగు అరిగిపోవచ్చు, మోటారే డైనమోలా కరెంటు పుట్టించి బోర్డుకి పంపొచ్చు. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ లోపల పెట్టొద్దు, దాని ప్లాస్టిక్ మూతి దగ్గర స్టాటిక్ పుడుతుంది. నోటితో ఊదడం కూడా వద్దు, తుంపర్లు పడతాయి.

హీట్‌సింక్ విప్పకుండానే ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య చూడు. టార్చి వేస్తే కనిపిస్తుంది, బూడిదరంగు చాపలా ఒక పొర ఉంటుంది, దాన్ని బ్రష్షుతో అంచు నుంచి లేపితే ముక్కలుగా వచ్చేస్తుంది. సగం జబ్బు అక్కడే ఉంటుంది. క్యాబినెట్ ముందు భాగంలో వలలాంటి ఫిల్టరు ఉంటే తీసి సబ్బునీళ్ళతో కడిగి, నీడలో బాగా ఆరాక పెట్టు.

ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా, మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీశాక కూడా అందులో కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్లు మూడొందల వోల్టుల పైన పట్టి ఉంచగలవు. బయట జాలీలోంచి బ్లోయర్‌తో ఊదు, అంతే. ఊదినప్పుడు ఎండిన బల్లి పడినా కంగారుపడకు, మన పెంకుటిళ్ళలో అది మామూలే. వెనక వాడని స్లాట్ల దగ్గర రేకు ముక్కలు ఊడిపోయి ఖాళీలుంటే మూయించు, బల్లులు దూరేది అక్కడి నుంచే.

మూత తీసి ఉన్నప్పుడే మదర్‌బోర్డు మీద గుండ్రంగా నిలబడి ఉండే కెపాసిటర్లు చూడు. పైభాగం చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా అప్పుడు షాపు వాళ్ళ మాట నిజమే, తీసుకెళ్ళు. వేడి వీటి ఆయుష్షే ముందు తింటుంది. ఇలాంటి కెపాసిటర్‌కి 10 డిగ్రీలు ఎక్కువైతే ఆయుష్షు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌లో అందరూ వాడే లెక్క.

తుడిచాక ఆన్ చేస్తే డిస్‌ప్లే రాక బీప్ బీప్ అంటే టెన్షన్ పడకు. ర్యామ్, అంటే మదర్‌బోర్డు స్లాటులో నిలబెట్టి గుచ్చిన పొడుగాటి మెమరీ ముక్క, కదిలి ఉంటుంది, లేదా చెమ్మకి దాని బంగారు పళ్ళు మసకబారి ఉంటాయి. మళ్ళీ ప్లగ్గు తీసి, ర్యామ్ బయటికి లాగి, ఆ పళ్ళని పెన్సిల్ రబ్బరుతో సుతారంగా ఒకటి రెండుసార్లు రుద్ది, రబ్బరు పొడి పూర్తిగా దులిపి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కి పెట్టు. వానాకాలంలో మన వైపు వచ్చే కంప్లైంట్లలో ఇది చాలా మామూలు.

థర్మల్ పేస్ట్ సంగతి తర్వాత చూద్దాం. దుమ్ము తీశాక కూడా వేడి దిగకపోతే ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి అందించే మధ్యనున్న పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, కొన్నేళ్ళకి అది ఎండడం సహజమే. ఆ పని చేసే రోజు నేను వీడియో కాల్‌లో ఉంటాను. ఎందుకంటే మీ ఇంటెల్ కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ కాళ్ళుంటాయి, వేడికి పెళుసెక్కి విరుగుతాయి, ఒక్కటి సరిగ్గా దిగకపోయినా వేడి ముందుకన్నా పెరుగుతుంది.

ఇక అది ఉండే చోటు. కంప్యూటర్ బల్లకి కింద క్యాబినెట్ కోసం ఒక చెక్క అర ఇస్తారు చూడు, మూడు పక్కలా మూసేసి, అదంత అన్యాయమైన ఏర్పాటు ఇంకోటి లేదు. వెనక నుంచి వచ్చిన వేడిగాలే తిరిగి ముందు నుంచి లోపలికి పోతుంది. బయటికి తీసి, చిన్న స్టూలు మీద పెట్టు, నేల దుమ్ముకి ఎత్తులో, గోడకి కనీసం జానెడు దూరంలో. నీ గది మేడ మీద, పడమటి గోడకి. ఆ స్లాబు రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతూ ఉంటుంది, ఈ రెండు నెలలూ కింద ఉత్తరం గదిలోకి మార్చుకో. రోహిణి కార్తె దాటి వానలు పడ్డాక కావాలంటే మళ్ళీ ఎక్కించుకో. పక్క మూత తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టి నడుపుతారు కొందరు, ఆ పూటకి వేడి దిగుతుంది గానీ వారంలో లోపలంతా పొట్టే. మీ అమ్మ కుట్టిన గుడ్డ కవరు ఆపి చల్లారాక కప్పు, నడుస్తుండగా కప్పొద్దు. చెల్లి ల్యాప్‌టాప్ పరుపు మీద పెట్టుకుని చదువుతోందట, దాని గాలి రంధ్రాలు అడుగునే ఉంటాయి, ఒక పీట ఇవ్వు. యూపీఎస్ కూడా ఎండ తగిలే కిటికీ కిందనుంచి జరుపు, లోపలి బ్యాటరీకి వేడంటే అసలు పడదు, కరెంటు పోయిన వెంటనే చచ్చిపోయే యూపీఎస్‌లు చాలావరకు అలా పాడైనవే.

ఈ పని ఏడాదికి ఎన్నిసార్లు అంటావేమో. మన పంటల్ని చూసుకో. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక, రోహిణి కార్తె రాకముందు ఒకసారి. సార్వా (మొదటి పంట వరి) కోతలూ నూర్పిళ్ళూ అయిపోయి సంక్రాంతికి ఇల్లు దులుపుకునేటప్పుడు ఇంకోసారి. మధ్యలో వానాకాలంలో రోజూ కాసేపైనా ఆన్ చేసి ఉంచు, ఆ కొద్ది వేడికి లోపలి చెమ్మ ఆరుతుంది. తుఫాను పడి గదిలోకి నీళ్ళొస్తే మాత్రం తడిసిన దాన్ని ఆన్ చేసి చూడొద్దు, ప్లగ్గు తీసి నాకు ఫోన్ చెయ్.

ఈ ఆదివారమే మొదలెట్టు. ముందు రాసుకున్న అంకెలూ, శుభ్రం చేశాక అదే టైముకి అదే పని చేస్తూ చూసిన అంకెలూ రెండూ వాట్సాప్‌లో పంపు. పది డిగ్రీలైనా దిగకపోతే పేస్ట్ కొనుక్కుని ఉంచు, ఆ పై ఆదివారం కూర్చుందాం. ఈలోగా షాపు వాళ్ళకి డబ్బులిచ్చెయ్యకు.

మీ మావయ్య