గాంగ్నమ్ స్టైల్‌ను ఊరూరా చేర్చింది దాని వీడియోయే

“ఉత్సాహంగా సాగే ఒక పాప్ పాట ప్రపంచమంతటా పాకడానికి బాణీ కారణమా, వీడియో కారణమా?” అని ఎవరైనా అడిగితే, వీడియోయే అన్నది నా గట్టి నమ్మకం. కొరియా గాయకుడు సై పాడిన ‘గాంగ్నమ్ స్టైల్’ నాకు ముందు చెవికి, ఆ తరువాతే కంటికి చేరింది కనుక ఈ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

ఆ పాట 2012 జూలై 15న విడుదలైంది. అప్పుడు నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్‌లో ఉండేవాణ్ణి. సెల్‌ఫోన్ దుకాణంలో డబ్బులిచ్చి మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకునే రోజులవి. అలా ఎక్కించుకున్న వాటిలో ఇదీ వచ్చింది; రెండుసార్లు విని, ఒక్క ముక్కా అర్థంకాక తీసేశాను.

కొన్ని వారాల తరువాత ఒక రాత్రి, పక్క గదిలోని కంప్యూటర్ ముందు పదిమందిమి గుమిగూడి, అర నిమిషం ఆడి ఆగిపోయే నెట్‌లో ఆ వీడియో చూశాం. సై పడక కుర్చీలో వాలి, ఏదో సముద్రతీరంలో సేదతీరుతున్నట్టు కనిపిస్తాడు. కెమెరా వెనక్కి జరిగేసరికి అది పిల్లలు ఆడుకునే ఇసుక స్థలమని తెలుస్తుంది. ఇద్దరు అమ్మాయిల నడుమ ఠీవిగా నడుస్తుంటే చెత్తంతా ఎగిరివచ్చి ముఖాన పడుతుంది. గాంగ్నమ్ అంటే సియోల్‌లో హాన్ నదికి దక్షిణాన ఉన్న సంపన్నుల పేట అని మాలో ఎవరికీ తెలియదు. అయినా లేని దర్జా ఒలకబోసే మనిషిని అందరమూ పోల్చుకున్నాం, అటువంటివారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు కదా! ఫ్రెషర్స్ డే నాడు కూడా వేదిక ఎక్కని మా జనగామ మిత్రుడు లేచి, వీడియోలో సై చేసినట్టే మణికట్లు ఒకదానిమీద ఒకటి వేసి గుర్రపు కళ్ళెం పట్టినట్టు వరండాలో గెంతడం మొదలుపెట్టాడు. అల్లరి విని కోపంగా వచ్చిన వార్డెన్ గుమ్మంలోనే నిలబడి చివరిదాకా చూశారు.

ఆ అక్టోబరులో టీ20 ప్రపంచకప్ గెలిచిన వెస్టిండీస్ జట్టు కొలంబో మైదానంలో అదే గుర్రపు నృత్యం చేసింది. డిసెంబరు 21న యూట్యూబ్‌లో వంద కోట్ల వీక్షణలు దాటిన మొట్టమొదటి వీడియో అదే అయింది. అమెరికాలో రేడియో ప్రసారాలను కూడా లెక్కలోకి తీసుకునే పాటల ర్యాంకుల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో మాత్రం రెండో స్థానం దగ్గరే ఆగింది. కనిపించని చోట ఆ పాట బలం సగమే అనడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

అందుకే ఇప్పటి మన లిరికల్ వీడియోలను చూస్తే బాధ కలుగుతుంది. నాలుగు నిశ్చల చిత్రాల మీద అక్షరాలు కదిలించి, ఒక్క రోజులో ఇన్ని లక్షలమంది చూశారని పోస్టరు వేస్తున్నారు. చక్కని బాణీ కట్టిన సంగీత దర్శకుడికి ఇది అన్యాయం. ఆ వీడియో చూసిన మరునాడే నేను అదే దుకాణానికి వెళ్ళి, తీసేసిన పాటను మళ్ళీ డబ్బులిచ్చి ఎక్కించుకున్నాను. లిరికల్ వీడియో చూసి అలా పరుగెత్తినవారు నాకు ఇంతవరకు ఒక్కరూ తారసపడలేదు.