మంచు లేక్ మీద ఫ్లైట్ దింపడం నేర్చుకుంటాడట, పంపొచ్చా?

హన్మకొండ నుంచి ఒక తండ్రి అడిగారు. వాళ్లబ్బాయి కెనడాలో, అంటారియోలో సీపీఎల్ (జీతానికి విమానం నడపడానికి కావాల్సిన కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేస్తున్నాడు, ఈ చలికాలం చిన్న విమానానికి చక్రాలు తీసి స్కీలు (మంచు మీద జారే పొడవాటి పలకలు) బిగించి గడ్డకట్టిన లేక్ మీద దింపడం నేర్చుకుని, తర్వాత అక్కడే బుష్ పైలట్‌గా, అంటే రోడ్లు లేని మారుమూల చోట్లకి చిన్న విమానాలు నడిపేవాడిగా చేరి అవర్స్ (ఎగిరిన గంటలు) పెంచుకుంటాడట. ఐస్ విరిగితే ఏంటి గతి అని ఈయన భయం.

భయం కరెక్టే సార్. అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో ఆల్టన్ బే అనే చోట లేక్ మీదే గవర్నమెంటు రన్‌వే ఉంది, కనీసం 12 అంగుళాల ఐస్ ఉంటేనే తెరుస్తారు, చలి సరిపోని ఏడాది అసలు తెరవరు. అక్కడంటే కొలిచేవాళ్లున్నారు, మరి మీవాడు దిగే లేక్‌లో ఎవరు కొలిచారు? పైగా లేకంతా ఒకే మందం ఉండదు, వాగు వచ్చి కలిసే చోట, నీళ్లు బయటికి పోయే చోట పల్చగా ఉంటది, మందం సగమైతే మోసే బరువు దాదాపు నాలుగో వంతుకి పడిపోతది.

అసలు పైలట్లని సతాయించేది స్లష్, అంటే నీళ్లలో నానిన స్నో. స్నో బాగా పడితే ఆ బరువుకి ఐస్ కుంగి పగుళ్లలోంచి నీళ్లు పైకొస్తాయి, మీద స్నో దుప్పటిలా కప్పుంటది కాబట్టి ఆ నీళ్లు గడ్డకట్టవు, పైనుంచి చూస్తే ఏమీ తెలీదు. స్కీలు అందులో కూరుకుంటే ఫుల్ పవర్ ఇచ్చినా కదలదు, రాత్రికి అక్కడే అతుక్కుపోతది. అందుకే తెలిసినోళ్లు స్కీలు అలా తాకించి మళ్లీ లేపేసి, ఒక రౌండ్ కొట్టొచ్చి ఆ గీతలు చూస్తారు, నల్లబడ్డాయంటే కింద నీళ్లున్నట్టే, ఇక దిగరు. మబ్బు పట్టిన రోజైతే నేలా ఆకాశం ఒకటే తెలుపు, ఎంత ఎత్తులో ఉన్నామో కంటికి అందదు, ఒడ్డున చెట్లు కనిపించేలా పక్కనుంచే దిగాలి. మామూలు స్కీలకి బ్రేకులుండవు కదా, నున్నటి ఐస్ మీద ఇంజన్ తిరుగుతున్నంతసేపు విమానం జారుతూనే ఉంటది, ప్రొపెల్లర్ ఆగేదాకా ఎవర్నీ దించకూడదు.

నన్నడిగితే, ఆ లేక్ ఎరిగిన ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుంటే నేర్చుకోనివ్వండి, చెయ్యి బాగా తిరుగుతది. అవర్స్ కోసం ఒక్కడే వెళ్తాననో, క్లాస్‌మేట్‌ని ఎక్కించుకుని వెళ్తాననో అంటే మాత్రం ససేమిరా వద్దనండి. మన డీజీసీఏ (ఇండియాలో పైలట్ లైసెన్సులిచ్చే సంస్థ) సీపీఎల్‌కి 200 గంటలు కావాలి, అందులో 100 పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా, అవి మామూలు రన్‌వే మీద ఎగిరినా అంతే లెక్క, స్కీల మీద ఎగిరాడని ఎక్స్‌ట్రా ఏం ఇవ్వరు.

బుష్ పైలట్ జాబంటారా, అక్కడ కొత్తోళ్లని చాలా కంపెనీలు ముందు ర్యాంప్ (విమానాలు ఆగే చోటు) మీద సామాన్లు ఎక్కించే పనిలో పెట్టి, నెలల తర్వాతగానీ సీటివ్వవు, దానికీ వర్క్ పర్మిట్ కావాలి. ఆ పర్మిట్ సంగతి, లేక్ మీద ల్యాండింగ్‌కి స్కూల్ ఇన్సూరెన్స్ వర్తిస్తుందా అన్న సంగతి, రెండూ ఈమెయిల్‌లో రాయించుకోమనండి. అది వచ్చేదాకా స్కీ కోర్సు ఫీజు కట్టకండి.