నగలు కుదువ పెట్టి నటన నేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు, డిగ్రీ అయింది. ఇంటర్ మొదటి సంవత్సరం నుంచి ఇక్కడి నాటక సమాజంలో వేషాలు వేస్తున్నాడు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థ ఆరు నెలల నటన కోర్సుకు 2 లక్షలు అడుగుతోంది. గదికి, తిండికి నెలకు 12 వేలు వేరే. నా నగలు కుదువ పెట్టమంటారా? – ఒక తల్లి, ఖమ్మం

అమ్మా, ఆ ఫీజు కోసం మాత్రం నగలు కుదువ పెట్టకండి. అబ్బాయిని ఆపమని కాదు. ఇన్నేళ్లుగా వదలకుండా వేషాలు వేస్తున్న పిల్లవాణ్ణి పంపాల్సిందే.

నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా 2 లక్షలకు నెలకు 2 వేలు. కోర్సు పూర్తయ్యేసరికి వడ్డీయే 12 వేలు, అసలు అలాగే ఉంటుంది. అసలు కష్టం ఆ తర్వాతే. ఆడిషన్ల చుట్టూ తిరగాలి, చేసిన పనికి డబ్బు ఎప్పటికో చేతికొస్తుంది. ఉన్నదంతా ఫీజుకు ఊడ్చిపెట్టి, కృష్ణానగర్‌లో గది అద్దె కట్టలేక ఊరికి తిరిగొచ్చిన పిల్లలను చూశాను. వాళ్లలో మంచి నటులున్నారు. ఫీజుకు పోసే ఆ 2 లక్షలు చేతిలో ఉంటే, మీరు చెప్పిన గది, తిండి ఖర్చుతో 16 నెలలు గడిచిపోతాయి.

నేర్చుకోవడానికి గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం చూడండి. రంగస్థల కళల్లో రెండేళ్ల పీజీ ఉంది, డిగ్రీ ఉంటే దరఖాస్తు చేయొచ్చు. తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కోర్సులున్నాయి. ప్రభుత్వ సంస్థలు కాబట్టి ఫీజు భారం తక్కువ. చేతిలో పట్టా ఉంటే వేషాలు లేని రోజుల్లో బడిలో పిల్లలకు నాటకం నేర్పి బతకొచ్చు. గొంతు బాగుంటే డబ్బింగ్ కూడా ప్రయత్నించమనండి.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5 వేల చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది. మొత్తం 1,20,000. నాటకానికీ వర్తిస్తుంది. గురువు దగ్గర కనీసం ఐదేళ్లు నేర్చుకుని ఉండాలి. మీవాడికి ఆ అర్హత ఉన్నట్టే కనిపిస్తోంది. పోటీ ఉంటుంది కాబట్టి వస్తుందన్న ధీమాతో అప్పు చేయకండి.

పని దొరికాక వచ్చినదంతా బ్యాంకులో వేసి, నెలకు 12 వేలే తీసుకోమనండి. పారితోషికంలో టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోసి ఇస్తే, పన్ను కట్టేంత ఆదాయం లేకపోయినా ఆదాయపు పన్ను రిటర్న్ వేయాలి. అలా వేస్తేనే ఆ డబ్బు వెనక్కి వస్తుంది.

ముందు ఈ వారంలోనే, ఆ స్కాలర్‌షిప్ కోసం నాటక సమాజం గురువుగారిని కలిసి, ఏ సంవత్సరం నుంచి నేర్చుకుంటున్నాడో సంతకంతో కాగితం రాయించుకోండి.